పేకాట మూట, దాని ఆశ్రితులు

అది రెండు నిమిషాల పని. దాన్ని నాలుగు నెలలు సాగదీసిన ఘనత నాదే. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, మధ్యలో ఎవరూ నన్ను కొత్తగా తిట్టే శ్రమ పడక్కర్లేదు.

మాది వినతుల సమన్వయ మండలి, విజయనగరం ప్రాంతీయ కార్యాలయం. జనం ఫోను చేసి గోడు చెప్పుకుంటే మేం టైపు చేసుకుని, అది ఏ శాఖకు చెందుతుందో ఆ శాఖకు పంపిస్తాం. ఆ శాఖ అది తనది కాదని మాకు తిప్పి పంపుతుంది. అక్కణ్ణుంచి సమన్వయం మొదలవుతుంది. మొత్తం నలభై రెండు కంప్యూటర్లు, అన్నిటినీ నడిపేది ఉచితంగా దొరికే లినక్స్. వాటి బాగోగులు చూడ్డానికి కాంట్రాక్టు మీద ఉన్న సిస్టమ్ అసిస్టెంటుని నేను. పేరు పైడిరాజు. ఆ పేరు వాడేవాళ్లు తక్కువ. మామూలుగా "సిస్టమ్ గారూ" అంటారు. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే "ఏవయ్యా సిస్టమూ" అంటారు.

ఒక సోమవారం పైనుంచి డైరెక్టర్ గారు తనిఖీకి వచ్చారు. మా పరిపాలనాధికారి వడ్డాది సోమయాజులు గారు ఆయన్ని తన గదిలోకి తీసుకెళ్లి, "ఒక్క మీట నొక్కితే సమస్త వినతులూ కళ్లముందుంటాయండి" అని ఒక్క మీట నొక్కారు. ఆకుపచ్చ తెర మీద పేకముక్కలు పరుచుకున్నాయి. ఆట సగంలో ఉంది. డైరెక్టర్ గారు కాసేపు తేరిపార చూసి, "ఆ కళావరు తొమ్మిది డైమను పది మీద పడుతుంది కదండీ" అనేసి బయటికి నడిచారు.

సాయంత్రం సోమయాజులు గారు నన్ను పిలిచారు. అప్పటికి ఆయన ఆ తొమ్మిదిని పది మీద వేసేశారు, అది నాకు కనిపిస్తూనే ఉంది.

"ఇది ఎవరు పెట్టారయ్యా?"

"ఎవరూ పెట్టలేదండీ. కిందటి నెల అప్‌డేట్ చేశాం కదా, దాని వెంట అదే వచ్చేసింది."

"అదే వచ్చేసిందా? ఉత్తర్వు లేకుండా, జాయినింగ్ రిపోర్టు లేకుండా, ప్రభుత్వ కార్యాలయంలోకి అదే వచ్చి కూర్చుందా?"

ఇక్కడ నేను "తీసేస్తానండీ" అని ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ నా కాంట్రాక్టు రెన్యూవల్ నాలుగు నెలల్లో ఉంది. నాలుగేళ్లుగా ఇరుక్కున్న కాగితాలు లాగడమే తప్ప నా తెలివి పై అధికారి చెవిన పడే సందర్భం రాలేదు. గొంతు సవరించుకున్నాను.

"తీసెయ్యడం ఎంతసేపండీ. మళ్లీ జన్మలో ఎక్కకుండా అడ్డుకోవచ్చు. లినక్స్‌లో ప్రతి ప్యాకేజీకీ, అంటే లోపలికి ఎక్కే ప్రతి ప్రోగ్రాముకీ, ఒక ప్రాధాన్యం ఉంటుంది, ఒక అంకె. మామూలుగా అయిదు వందలు. దాన్ని మైనస్ ఒకటి చేసేశామంటే ఎవరు ఎక్కించమన్నా ఎక్కదు. మూడు లైన్లు రాస్తే చాలు."

సోమయాజులు గారు కళ్లజోడు తీశారు. "మైనస్ ఒకటి! ముప్పై ఏళ్ల సర్వీసులో తక్కువ ప్రాధాన్యం చూశాను, అసలు ప్రాధాన్యమే లేకపోవడం చూశాను. దానికీ కిందన ఇంకో మెట్టు ఉందన్నమాట." ఆ మెట్టు ఆయనకు ఎంతో నచ్చింది. "ఫైలు పెట్టు" అన్నారు.

ఫైలు నేనే పెట్టాను. అది మా కార్యాలయంలో తెలుగు భాషా పక్షోత్సవం జరుగుతున్న సమయం. నోటులో ఒక్క ఇంగ్లీషు ముక్క ఉన్నా వెనక్కొస్తుంది. అటకమీదనుంచి కార్యాలయ పదకోశం దించి దుమ్ము దులిపి ముందు పెట్టుకున్నాను. ప్యాకేజీ అనే మాటను సోమయాజులు గారే కొట్టేశారు. "ఈ రోజుల్లో ప్యాకేజీ అంటే జనం వేరే అర్థం తీస్తున్నారు. ఫైలు బయట ఎవరి చేతిలోనైనా పడితే మనమే తీసుకున్నామంటారు." పదకోశం ప్రకారం 'మూట' అని రాశాను. ఇన్‌స్టాల్ చెయ్యడానికి అందులో ఉన్న ఒకే ఒక్క మాట 'ప్రతిష్ఠించు'. సరే, అదీ రాశాను.

ఇంకొక మాట మిగిలింది. లినక్స్‌లో ఒక ప్యాకేజీ నడవాలంటే దాని కింద ఇంకొన్ని ప్యాకేజీలు ఉండాలి. బొమ్మలు గీసేది ఒకటి, అక్షరాలు చూపేది ఒకటి, శబ్దం వినిపించేది ఒకటి. అవి దన్నుగా నిలబడితేనే ఇది నిలబడుతుంది. వాటిని డిపెండెన్సీలంటారు. పదకోశంలో ఆ మాట లేదు. దాని పక్కనే డిపెండెంట్ అని ఉంది, ఎదురుగా 'ఆశ్రితులు' అని ఉంది. చూడ్డానికి అన్నదమ్ముల్లాగే ఉన్నాయి కదా అని అదే రాసేశాను. పేకాట ఎవరి భుజాలమీద కూర్చుందో వాళ్లని, పేకాట సంపాదన తిని బతికేవాళ్లుగా రాశానన్నమాట. అప్పుడైతే బాగా కుదిరిందనే అనుకున్నాను.

నోటు టైపు చేసింది బెవర కాంచన గారు. ఆమె మా జూనియర్ అసిస్టెంటు. పుట్టుకతోనే చూపు లేదు. ఆమె కంప్యూటర్లో తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే ప్యాకేజీ ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మనకు తేనెటీగల రొదలా వినిపించే వేగంలో అది చదువుతుంటే, ఆమె వేళ్లు మీటల మీద పరిగెడుతుంటాయి. ఆఫీసు మొత్తంలో తప్పుల్లేకుండా టైపు చేసేది ఆమె ఒక్కరే. పోటీపరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నారు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నారు. ప్రొబేషన్ పూర్తవ్వాలంటే కంప్యూటర్ పరీక్ష పాసవ్వాలి. రెండు అవకాశాలు ఇస్తారు. మొదటిసారి రాస్తుండగా కరెంటు పోయింది. కరెంటు పోయిన అవకాశం కూడా అవకాశమేనని పైనుంచి స్పష్టత వచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే, అక్కణ్ణుంచి నాలుగో నెల ఆఖరి శుక్రవారం. అది తప్పితే ఉద్యోగం పోతుంది.

నేను నోటు చదివి చెబుతుంటే టైపు చేస్తూ ఆమె ఒకచోట ఆగారు. "పైడిరాజు గారూ, ఆశ్రితులు అని రాసేరేటండీ? పేకాటకి పెళ్లాం పిల్లలున్నారా?"

"అది టెక్నికల్ మాటండీ. మీకు అర్థం కాదు" అన్నాను.

ఆ వాక్యం ఎంత హుందాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఫైలు చూసి సోమయాజులు గారు ఒకటే అభ్యంతరం చెప్పారు. "శిక్ష బాగుంది. కానీ సంజాయిషీ అడక్కుండా ఎవరినైనా మైనస్ ఒకటి చేస్తే అది సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. రేపు కోర్టుకెళితే నిలబడదు."

"ఎవరు వెళతారండీ కోర్టుకి?"

"అది దాని ఇష్టం. మన జాగ్రత్తలో మనం ఉండాలి."

పేకాట మూటకు మెమో తయారైంది. "తాము ఏ ఉత్తర్వు ప్రకారం ఈ కార్యాలయమందు ప్రతిష్ఠితులైనదీ, తమపై ప్రాధాన్య తగ్గింపు చర్య ఎందుకు తీసుకొనరాదో పదిహేను దినములలో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను." శ్రీ అనాలా శ్రీమతి అనాలా అన్న దగ్గర రెండు రోజులు ఆగింది. మెమో అందజెయ్యడం ఎలా అన్నది తర్వాతి సమస్య. ముద్దాయి చేతికి ఇవ్వడం సాధ్యం కానప్పుడు అది నివసించే చోట అంటించాలని నియమం. అది నలభై రెండు చోట్ల నివసిస్తోంది. నలభై రెండు సి.పి.యు. డబ్బాలకు మైదా జిగురుతో నలభై రెండు నోటీసులు అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు. విషయం తేలేవరకు వాటిని పీకకూడదు. మా డబ్బాలకు పక్కన గాలి ఆడే బెజ్జాలుంటాయి. నోటీసు సరిగ్గా ఆ కొలతకే సరిపోయింది.

పదిహేను రోజులు గడిచాయి. పేకాట జవాబివ్వలేదు. "అహంకారం" అన్నారు సోమయాజులు గారు. రిటైరైన తహసీల్దారు భూషణరావు గారిని విచారణాధికారిగా వేశారు. ఆయన కంప్యూటరు ముట్టుకోని మనిషి. అందువల్ల పక్షపాతం ఉండదని ఎంపిక చేశారు. విచారణ రోజు బంట్రోతు వరండాలో నిలబడి, "పేకాట మూట హాజరా!" అని మూడుసార్లు పిలిచాడు. వినతి చెప్పుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన తన పేరే అనుకుని లేచి నిలబడ్డాడు. ఆయన్ని కూర్చోబెట్టి, ముద్దాయి గైర్హాజరని రాసుకుని విచారణ మొదలుపెట్టారు. ప్రభుత్వం తరఫున వాదించింది నేను.

భూషణరావు గారు నా నోటు వేలితో చూపిస్తూ చదివారు. "ముద్దాయి ఒంటరిగా వచ్చిందా, సకుటుంబంగా వచ్చిందా?"

"ముప్పై ఏడుతో కలిపి వచ్చిందండీ."

"ముప్పై ఏడుగురు ఆశ్రితులా! పేర్లు చదవండి."

చదివాను. ఒక్కొక్క పేరూ 'లిబ్' అని మొదలవుతుంది. లిబ్ అంటే లైబ్రరీకి పొట్టి పేరు, అందరూ కలిసి వాడుకునే సరంజామా అని అర్థం. భూషణరావు గారు చెయ్యి పైకెత్తారు. "చాలు చాలు. అందరి ఇంటిపేరూ లిబ్బే. కుటుంబమేనని తేలిపోయింది."

సోమయాజులు గారు సర్వీసు నిబంధనల పుస్తకం తిరగేశారు. "కారుణ్య నియామకం చనిపోయినవారి ఆశ్రితులకే వర్తిస్తుంది. డిస్మిస్ అయినవారి ఆశ్రితులకు హక్కు లేదు. క్వార్టర్సు ఖాళీ చెయ్యవలసినదే. మైనస్ ఒకటి వాళ్లకీ వర్తిస్తుంది."

నేను నోరు తెరిచాను. "సార్, ఆ లిబ్‌లు అసలు..."

"ఆశ్రితులని రాసింది నువ్వే కదయ్యా? సంతకం నీదే కదూ?"

నోరు మూశాను. మూసి, నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మైనస్ ఒకటి కొత్తగా ఎక్కేవాటినే ఆపుతుంది, ఇప్పటికే లోపల ఉన్నవాటి జోలికి పోదు. అందుచేత ఎవరికీ ఏ నష్టమూ రాదు. ముప్పై ఎనిమిది పేర్ల జాబితా కింద, పూర్తిగా చదవకుండా, ఉత్సాహంగా సంతకం పెట్టాను. నలభై రెండు కంప్యూటర్లలోనూ నిషేధం అమలు చేశాను.

అదే సూత్రం ప్రకారం పేకాటకి కూడా ఏ నష్టమూ రాలేదు. అది ముందే లోపల ఉంది. తొలగించమని ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఇది నేను గమనించి సోమయాజులు గారికి చెప్పాను. "శిక్ష పడింది కదా, ఇంకెందుకు కక్ష" అన్నారు, మధ్యాహ్నం భోజనానంతరం తెర మీద ముక్కలు సర్దుకుంటూ.

డైరెక్టర్ గారి దగ్గర్నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మిగతా ప్రాంతీయ కార్యాలయాలు విజయనగరం నమూనాను పరిశీలించాలని కూడా అందులో ఉంది. నేను దాన్ని ఫ్రేము కట్టించాను. మా ఇంట్లో టీవీ పక్కన పెడితే మా ఆవిడ, "ఏటి చేసేరని ఇచ్చేరు?" అని అడిగింది. పేకాటను అడ్డుకున్నానని చెప్పాను. నా మొహం కేసి చూసి, ఫ్రేము తుడిచింది.

పరీక్ష ఇంకా ఆరు రోజులుందనగా, శనివారం పొద్దున్న కాంచన గారు నన్ను పిలిచారు. "కంప్యూటరు మాటాడ్డం మానీసిందండీ. ఒక అక్షరం పట్టుకుని అలా సాగదీసి సాగదీసి ఆగిపోయినాది."

డబ్బా మీద చెయ్యి పెట్టాను, చుర్రుమంది. గాలి బెజ్జాల మీద పేకాటకిచ్చిన నోటీసు, సాక్షుల సంతకాలతో సహా, చెక్కుచెదరకుండా అతుక్కుని ఉంది. మిగతా డబ్బాలు రోజుకి రెండు గంటలు పనిచేస్తాయి కాబట్టి తట్టుకున్నాయి. కాంచన గారిది పొద్దున్నించీ సాయంత్రం దాకా నడుస్తుంది. హార్డ్ డిస్క్ పోయింది.

కొత్త డిస్క్ సోమవారానికే వచ్చింది. మా స్టోర్సు చరిత్రలో అదొక వింత. అందులో లినక్స్ వేశాను. మా ఆఫీసుకు ఆమోదించింది చిన్న లినక్స్. బొమ్మా అక్షరం తప్ప అందులో ఏమీ ఉండవు, కావలసినవి తర్వాత ఒక్కొక్కటే ఎక్కించుకోవాలి. ఉత్తర్వు ప్రకారం ముందు నిషేధ జాబితా ఎక్కించాను. తర్వాత ఆమెకు తెర చదివి వినిపించే ప్యాకేజీని ఎక్కించబోయాను. దానికి శబ్దం లిబ్ కావాలి. శబ్దం లిబ్ జాబితాలో ఇరవైమూడో పేరు. పేకాటలో ముక్క వేసినప్పుడు టక్కుమనేది దాని చలవే. తెర మీద ఒక వాక్యం వచ్చింది. తెలుగులో చెప్పాలంటే, ఈ ప్యాకేజీకి స్థాపన అభ్యర్థి లేరు.

"ఏటంటోందండీ?" అని కాంచన గారు అడిగారు. అంతకు ముందు ఎప్పుడూ ఆమె నన్ను అలా అడగవలసిన అవసరం రాలేదు.

"అభ్యర్థి లేరంటోంది."

"నేనున్నాను కదండీ" అన్నారు.

నేను జాబితా తీసి మొదటిసారి ఆ చివర్నుంచి ఈ చివరి వరకు చదివాను. నా సంతకం చాలా అందంగా ఉంది.

సోమయాజులు గారి గదికి వెళ్లి ఉన్నమాట చెప్పేశాను. "సార్, ఆశ్రితులన్న మాట తప్పు. ఆ లిబ్‌లు పేకాట మీద బతికేవి కావు. పేకాటే వాటిమీద ఆధారపడింది. ఇంకా చాలా వాటికి అవే ఆధారం."

"అంటే కుటుంబ పెద్దలా?"

"అలాగే అనుకోండి."

"మరి పెద్దలై ఉండి దాన్ని అదుపులో పెట్టుకోవద్దూ? శిక్ష సరైనదే."

"కాంచన గారి పరీక్ష శుక్రవారం సార్. శబ్దం లేకపోతే ఆవిడ రాయలేరు. ఉద్యోగం పోతుంది."

ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆ మాట ఒప్పుకోవాలి. "నాకు మాత్రం సానుభూతి లేదనుకున్నావా? కానీ ఉత్తర్వు డైరెక్టర్ గారి ఆమోదంతో జారీ అయింది. అందులో ఒక మాట మార్చాలంటే పదకోశ సంఘం అభిప్రాయం కావాలి. అది ఏడాదికి రెండుసార్లు కూర్చుంటుంది. ఈ ఏడు రెండోసారి కూర్చుని లేచింది." కాసేపు ఆలోచించారు. "ఇంతకీ అభ్యర్థి లేరని కదా దాని ఫిర్యాదు? లేకపోతే తాత్కాలిక ప్రాతిపదికన ఒకరిని పెడదాం. తెర మీద ఉన్నది చదివి వినిపించడమే కదా పని. నువ్వు చదవగలవు కదూ?"

గంటలో ఉత్తర్వు వచ్చింది. "శబ్ద మూట స్థానమందు శ్రీ పైడిరాజును తాత్కాలికముగా ప్రతిష్ఠించడమైనది."

నన్ను కాంచన గారి పక్కన ప్రతిష్ఠించారు. మంగళవారం అంతా చదివాను.

"కాస్త జోరుగా చదవండి" అన్నారు ఆమె.

జోరు పెంచాను.

"కామా ఒగ్గీసేరు. ఇందాక పూర్ణవిరామం కూడా ఒగ్గీసేరు."

మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. ఆ ప్యాకేజీ చేసే పనిలో పదో వంతు కూడా నా వల్ల కాలేదు. లినక్స్ నాకు కొట్టినపిండి అని ఊరంతా చెప్పుకున్నాను. దాని బదులు కూర్చోబెడితే ఒక్క పూటకి డీలా పడ్డాను.

నాలుగింటికి ఒక ఫోను వచ్చింది. ఎవరో ఇల్లాలు. భర్త కొడుతున్నాడని, ఎవరికీ తెలియకూడదని చెబుతోంది. కాంచన గారు వింటూ టైపు చేశారు. సరిచూసుకోవాలి కాబట్టి నేను తెర మీదున్నది పైకి చదవాలి. చదివాను. రెండో వాక్యానికి గదిలో అందరి తలలూ ఇటు తిరిగాయి. మూడో వాక్యంలో ఆమె ఊరి పేరు ఉంది. కాంచన గారు చెయ్యి అడ్డుపెట్టి, "చాలండి, ఆపీండి" అన్నారు.

ఆ ఇల్లాలితో మాట్లాడ్డం ముగించి ఫోను పెట్టేశారు. తర్వాత ఆమె మెల్లగా అన్నారు. "మీరు మంచివారే పైడిరాజు గారూ. కానీ శుక్రవారం మీరు నా పక్కని కూర్చుంటే, పాసైంది కాంచనా, ఆ కూర్చున్నాయనా అనీస్తారు. ఇక్కడికొచ్చిన రోజునుంచీ నా కాగితం నేనే చదువుకున్నాను. ఒకరి మీద ఆధారపడి ఉన్నాదని ఎవరిచేతా అనిపించుకోలేదు. ఇప్పుడు మీ ఒక్క మాటతో నన్ను ఆశ్రితురాల్ని చేసీసేరు. ఆ మాట టైపు చేసిన్నాడే అడిగేను కదండీ మిమ్మల్ని."

అడిగారు. నేనేం జవాబు చెప్పానో కూడా ఆమెకు గుర్తుండే ఉంటుంది. దయతలచి ఎత్తలేదు.

బుధ, గురువారాలు నేను చేసిన ఘనకార్యం భయపడ్డం. నిషేధం తియ్యడానికి నాకు అనుమతి అక్కర్లేదు, మూడు లైన్లు చెరిపేస్తే చాలు. కానీ ఉత్తర్వు ధిక్కరిస్తే రెన్యూవల్ పోతుంది. పిల్లల బడి గురించి ఆలోచించాను. టీవీ పక్కన ఫ్రేము గురించి కూడా ఆలోచించాను, అదే సిగ్గుచేటు. నా ఉద్యోగం నా తప్పు వల్ల పోయినా ఒక అర్థముంది. ఆమెది నా తప్పు వల్ల పోవడమేమిటి? ఇంత తేలిక లెక్క తేలడానికి నాకు రెండు రోజులు పట్టింది.

శుక్రవారం తొమ్మిదింటికే ఆఫీసుకి వెళ్లాను. కాంచన గారు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు, చేతులు ఒళ్లో పెట్టుకుని. నేనేమీ చెప్పకుండా మూడు లైన్లు చెరిపాను. శబ్దం లిబ్ ఎక్కింది. వెనకాలే చదివే ప్యాకేజీ ఎక్కింది. మొత్తం నాలుగు నిమిషాలు. హెడ్‌ఫోన్లు ఆమె చేతికిచ్చాను. పెట్టుకున్నారు. ఒక మీట నొక్కారు. మొహం విచ్చుకుంది. ఇంకో రెండు మీటలు నొక్కి వేగం పెంచుకున్నారు. నేను చదివినంతసేపూ ఆ మొహం మీద ఎంత ఓర్పు ఉండేదో, అది పోయాక గాని నాకు తెలియలేదు.

పరీక్ష పెట్టింది సోమయాజులు గారే. చేతిలో గడియారంతో ఎదురుగా కూర్చున్నారు. ఒక వినతి చదివి వినిపించారు, ఆయన చదవడం పూర్తయ్యేసరికి ఆమె టైపు చెయ్యడం పూర్తయింది. తప్పులున్న ఉత్తరం ఒకటి కంప్యూటర్లో ఇచ్చి దిద్దమన్నారు. అందులో పెట్టిన తప్పులు పది. ఆమె పన్నెండు పట్టుకున్నారు. మిగతా రెండూ ప్రశ్నపత్రం తయారుచేసినవారివి. ఆ వారు ఎవరో సోమయాజులు గారికి తెలుసు కాబట్టి గంభీరంగా "ఉత్తీర్ణత" అని రాసి సంతకం పెట్టారు. చెవిలో ఉన్నవి ఎందుకు అని ఆయన అడగలేదు. చెవిపోటు కాబోలనుకున్నారట.

అంతటితో నేను తప్పించుకున్నట్టే. కానీ నెలాఖరున నేను ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. ఎన్ని కంప్యూటర్లలో నిషేధం అమల్లో ఉందో అంకె వెయ్యాలి. నలభై రెండు అని రాయడానికి కలం తీశాను. కాంచన గారితో అన్నాను, "మన ఇద్దరికే తెలుసు. రాసేస్తే పోతుంది."

"వద్దండి" అన్నారు వెంటనే. "రేపెవరో చూసి, దొంగచాటుగా పాసైపోయినాది అంటే? నేను కష్టపడి పాసయ్యేను. ఉన్నది రాసీండి."

"నా రెన్యూవల్..."

"మీ ఇష్టమండి. నన్నడిగితే మాత్రం ఉన్నదే రాయమంటాను."

నలభై ఒకటి అని రాశాను. నా సర్వీసులో నేను రాసిన అతి కష్టమైన అంకె అది.

సోమయాజులు గారికి రక్తపోటు వచ్చినంత పనైంది. మూడు రోజులు ఫైలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పరీక్ష చెల్లదంటే, నిషిద్ధ మూట ఉన్న కంప్యూటరు ఎదురుగా గంటసేపు కూర్చుని పరీక్ష పెట్టిన అధికారి ఎవరన్న ప్రశ్న వస్తుంది. అందుచేత పరీక్ష నిస్సందేహంగా చెల్లుతుందని తేల్చారు. ప్రొబేషన్ పూర్తయినట్టు కాంచన గారికి ఉత్తర్వు ఇచ్చేశారు. తప్పు జరిగింది కాబట్టి ఎవరో ఒకరు చేసి ఉండాలి కదా, దానికి నేను దొరికాను. నా రెన్యూవల్ విచారణ తేలేవరకు ఆపారు. పొమ్మని కూడా ఉత్తర్వు లేదు కాబట్టి రోజూ వస్తున్నాను. ప్రింటర్లో కాగితాలు ఇరుక్కుంటూనే ఉన్నాయి.

మిగతా నలభై ఒక్క కంప్యూటర్లలోనూ పేకాట హాయిగా ఉంది. ఆఫీసు మొత్తంలో పేకాట లేనిది కాంచన గారి దాంట్లోనే.

నిన్న మధ్యాహ్నం నామీద ఆరోపణల మెమో సిద్ధమైంది. మూడు పేజీలు. శుద్ధప్రతి టైపు చెయ్యడానికి పర్మనెంటు ఉద్యోగికే ఇవ్వాలని నియమం, డ్రాఫ్టు కాంచన గారి కంప్యూటర్లోకి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. చెవిలో ఆ గొంతు నా నేరాలన్నీ రొదపెడుతూ చదువుతోంది, ఆమె తల ఊపుతూ టైపు చేస్తున్నారు. ఒకచోట ఆగి వెనక్కెళ్లి ఏదో దిద్దారు. ప్రింటు తీసి, బల్లలు తడుముకోకుండా దాటుకుంటూ నా దగ్గరికి తెచ్చి ఇచ్చారు.

"మీ ఇంటిపేరు తప్పు రాసేరండీ డ్రాఫ్టులో. సరి చేసేను. చూసుకుని సంతకం పెట్టండి."

నిలబడే మూడు పేజీలూ చదివాను. ఎక్కడా అక్షరం పొల్లుపోలేదు. అందుకున్నట్టు సంతకం పెట్టాను.